దుప్పులకు మేతపీపాలు: టెక్సాసు రాష్ట్రమున వేటకాలపు ఆచారము, దాని లాభనష్టములు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణ దిక్కున టెక్సాసు అను రాష్ట్రము కలదు. అచ్చటి భూమిలో నూటికి తొంబది పాళ్లకు మించి ప్రయివేటు పట్టాదారుల స్వాధీనమున నున్నది. ఆ భూములలో తెల్లతోక దుప్పి యను మృగములు నలువది లక్షలకు పైబడి కలవని అచ్చటి వన్యమృగ శాఖవారి అంచనా. ఆ దేశపు చట్టము చొప్పున మృగము ప్రజలందఱి సొత్తు. భూమిలోనికి ఇతరులను రానిచ్చు హక్కు మాత్రము పట్టాదారునిది. కావున వేటగాండ్రు పట్టాదారునకు ఎకరమునకింత యని గాని, తుపాకి యొక్కింటికింత యని గాని కౌలు చెల్లించి, వేటకాలమున ఆ భూమిలో ప్రవేశింతురు. అనేకులగు పశుపోషకులకు గొడ్ల వలని ఆదాయముతో పాటు ఈ వేటకౌలును ముఖ్యమైన ఆదాయమైనది.

కౌలు చెల్లించినవానికి మృగము కనబడవలెను. ఆ దేశమున, విశేషించి దక్షిణ టెక్సాసున, ముండ్లపొదలు మిక్కిలి దట్టములు. పది గజముల దూరమున దుప్పి నిలిచి యున్నను కంటికి దొరకదు. దానిని బయలునకు రప్పించుటకై గింజలు వెదజల్లు యంత్రములను నిలుపుదురు. ఇంగ్లీషున దీనిని ఫీడరు అందురు. మన జిల్లాలలో ఆ మాటకు ఫీడరు కాలువ యను అర్థము రూఢియై యున్నందున, చదువరులకు భ్రాంతి కలుగకుండుటకై ఈ కరపత్రమున మేతపీపా యని వ్రాయుచున్నాము.

మన రైతులకు దీనితో నేమి పని యని అడుగవచ్చును. పొలము గట్టునకు దూరముగ కొంత గింజ వేసినచో దుప్పులు అచ్చటనే తిని పైరు జోలికి రావని తలంచువారు మనలో కలరు. ఆ తలంపు ఎంతవఱకు సరియైనదో తెలిసికొనుటకు, దుప్పులకు గింజ వేయుటలో అనేక దశాబ్దముల అనుభవము గల దేశపు సంగతి చూచుట యుచితము. మఱియు ఆ పీపాల చుట్టు చేరు మృగములలో మన దేశపువియు నున్నవి. 1932 ప్రాంతమున మన చుక్కల దుప్పియు, కృష్ణజింకయు టెక్సాసునకు కొనిపోబడినవి. మనుబోతు దక్షిణపు సముద్రతీర భూములలో విడువబడినది. అవి యన్నియు అచ్చట వృద్ధి చెందెను. డల్లాసు, హూస్టను నగరములలో నివసించు తెలుగువారు ఎడ్వర్డ్సు పీఠభూమి మీదుగ ప్రయాణము చేయునప్పుడు కంచె కావల చుక్కల దుప్పుల గుంపును చూచి ఆశ్చర్యపడుట కలదు.

పీపా స్వరూపము

సాధారణమైన మేతపీపా 55 గ్యాలనుల ఇనుపపీపాయే. దానిని మూడు కాళ్లపై మనిషి తల కెత్తుగ నిలిపి, అడుగున గరాటు అమర్తురు. గరాటు క్రింద చిన్న తిరుగుడు పళ్లెము, దానిని త్రిప్పు మోటారు, మోటారునకు బ్యాటరీ, వేళకు నడపి వేళకు ఆపు గడియారపు యంత్రము ఉండును. ఇటీవల సూర్యరశ్మితో బ్యాటరీని నింపు పలక కూడ బిగించుచున్నారు. వేళ కాగానే పళ్లెము కొలది సెకండ్లు గిఱ్ఱున తిరిగి మొక్కజొన్న గింజలను చుట్టును వలయముగ చల్లును. ప్రాతఃకాలమున ఒకపరి, సాయంకాలమున ఒకపరి చల్లుట వాడుక.

ఎన్ని సెకండ్లకు ఎంత గింజ పడునో ప్రతి యంత్రమునకు వేఱుగ నుండును గనుక, బుద్ధిమంతుడైనవాడు పళ్లెము చుట్టు గోనెసంచి కట్టి, ఒకపరి త్రిప్పి, పడిన గింజను తూచి చూచుకొనును. ఒక్కొక్క పరికి 3 పౌనులు పడినచో దినమునకు 6 పౌనులు. 50 పౌనుల సంచి, అనగా సుమారు 23 కిలోలు, ఎనిమిది దినములకు సరిపోవును. నిండిన పీపా పట్టునది 300 పౌనులకు కొంచెము పైన. అది యేబది దినములు వచ్చును. ఈ లెక్క వేసికొనక, పీపా నిండుగ నున్నదను ధైర్యముతో విడిచిపోయినవానికి, తిరిగి వచ్చు నప్పటికి ఖాళీ పీపాయో, తడిసి బూజుపట్టిన ముద్దయో మిగులును.

రెండవ రకము గొట్టపు పీపా. దీనికి మోటారు లేదు. అడుగున గొట్టములు వంచి యుంచిన తొట్టివంటిది. మృగము మూతి పెట్టినప్పుడెల్ల మేత జాఱి వచ్చును. దీనిలో మొక్కజొన్న వేయరాదు. మాంసకృత్తులు నూటికి 16 మొదలు 20 పాళ్లు గల గుళికలను వేయుదురు. వట్టి పత్తిగింజలను తీగెవల గూళ్లలో నింపి వ్రేలాడదీయుటయు కలదు. పత్తిగింజ నెమరువేయు మృగమునకు సరిపడును. పందికిని, రాకూను అను చిన్న మృగమునకును అంతగ రుచింపదు. గేదెకు పత్తిగింజలు నానబెట్టి పెట్టు మనవారికి దాని బలము వేఱుగ చెప్పనక్కఱలేదు.

పందుల బాధ ఆ దేశమున మిక్కుటము. ఊరపందులు అడవి పట్టి లక్షలకొలదిగ పెరిగినవి. అవి యొకసారి పీపా జాడ కనిపెట్టినచో కాళ్లు కూలద్రోసి గింజనంతయు తినును. అందుచే పీపా చుట్టు నడుమెత్తుకు తక్కువగ నినుప కంచె వేయుదురు. దుప్పి దానిని సులువుగ దాటును, పంది దాటలేదు. అయితే కంచె చుట్టుకొలత చిన్నదైనచో దుప్పి లోనికి దుముకుటకు జంకును. టర్కీకోళ్లు, పూరేళ్లు గ్రుడ్లు పెట్టు పొదల చెంత పీపాను నిలుపరాదు. గింజకై వచ్చు రాకూనులు గ్రుడ్లనుగూడ తినిపోవును.

ఋతుక్రమము

టెక్సాసున విల్లంబుల వేట సెప్టెంబరు చివర మొదలగును. తుపాకి వేట నవంబరు మొదటి శనివారమున ఆరంభమై, ప్రాంతమును బట్టి జనవరిలో ముగియును. పీపాను నడుపువారు దీనికి కొన్ని వారముల ముందే పీపాను కడిగి, ఎండబెట్టి, క్రొత్త గింజ పోసి, స్వల్పముగ చల్లుట ఆరంభింతురు. ఆ కాలమున కావలసినది గింజ కాదు, వేళ. ప్రతిదినము ఒకే వేళకు చల్లినచో, కుడితితొట్టి చప్పుడు వినిన గేదె తల యెత్తినట్లు, దుప్పి పళ్లెము చప్పుడు వినినంతనే పొదలనుండి వెడలును.

అక్టోబరులో ఓకు చెట్ల కాయలు రాలును. ఆ కాయలు దుప్పికి మొక్కజొన్న కంటె మిక్కిలి ప్రియము. కాపు బాగుగ నున్న యేట పీపాల వద్దకు దుప్పి రాకయే పోవును. క్రొత్తవాడు దీనిని చూచి గాబరాపడి గింజ హెచ్చించును. హెచ్చించిన గింజ నేలపై తడిసి మొలకెత్తును, లేదా పందుల పాలగును. తెలిసినవాడు అప్పుడు గింజ తగ్గించి, ఓకు చెట్ల క్రింద జాడలు వెదకును.

నవంబరులో తుపాకుల చప్పుడు మొదలగును. దుప్పుల నడవడి మాఱును. పీపాకు సుమారు నూఱు గజముల దూరమున మంచె కట్టి కూర్చుండుట వాడుక. ఒకే మంచెపై ప్రతిదినము కూర్చుండి, ఒకే త్రోవన వచ్చి పోవుచుండినచో, పది దినములలో పెద్ద దుప్పులు పగటి రాకను మాని రాత్రి వచ్చి తినిపోవును. గింజ తఱుగుచుండును, మృగము కానరాదు. కాబట్టి ఒక పీపాను కొన్ని దినములు విశ్రాంతిగ విడిచి మఱియొకదాని వద్దకు పోవుదురు. గాలి పీపానుండి మంచె వైపునకు వీచునట్లు మంచె నిలుపవలెను. గాలి యెదురు తిరిగిన దినమున ఆ మంచె నెక్కకుండుటయే మేలు.

ఇదే కాలమున పోతులు ఎదకు వచ్చును. ఉత్తర భాగములలో నవంబరునను, దక్షిణ భాగమున డిసెంబరు నడుమను ఎద ముమ్మరముగ నుండును. అప్పుడు పోతునకు మేతపై ధ్యాస లేదు. పీపా వద్దకు వచ్చునవి ఆడు దుప్పులు, పడుచు పోతులు. పెద్దపోతు ఆడుదానికై వచ్చును గాని గింజకై రాదు. వచ్చినను గాలివాటున పొదలలో నిలిచి, వాసన చూచి, బయలునకు రాకయే మరలును. అందుచే అనుభవజ్ఞుడు పీపాను గాక, పీపాకు వచ్చు కాలిబాటను కాపుగాయును. నిజము విచారింపగా మేతపీపా పెద్దకొమ్ముల పోతును చంపుటకంటె ఆడు దుప్పుల సంఖ్యను అదుపులో నుంచుటకే హెచ్చుగ పనికివచ్చును. దుప్పులు భూమికి మించి పెరిగిన చోట ఇది చిన్న లాభము కాదు.

డిసెంబరు చివరనుండి మంచు దెబ్బకు పచ్చిక వాడిపోవును, ఓకు కాయలు ముగియును. ఎదకాలపు అలసటచే పోతు తన బరువులో నూటికి ఇరువది పాళ్లో, అంతకు మించియో పోగొట్టుకొని యుండును. పీపాల వద్ద దుప్పులు మిక్కిలి గుంపులుగ చేరునది ఇప్పుడే. జనవరిలో వేట ముగియగానే అనేకులు పీపాలకు తాళము వేసి పట్నములకు పోవుదురు. మృగమునకు మేత కొఱవడిన నాళ్లలోనే మేత ఆగిపోవును. వేటకొఱకు మాత్రమే గింజ వేయువాని మనస్సు ఇచ్చట స్పష్టపడుచున్నది. కనీసము దినదినము కొంచెము కొంచెముగ తగ్గించుచు ఆపుట మంచిది.

ఫిబ్రవరి ప్రాంతమున పోతుల కొమ్ములు రాలును. వసంతమున నూగుతోలుతో క్రొత్తకొమ్ములు పొడుచును. జూను ప్రాంతమున ఆడు దుప్పులు ఈనును. కొమ్ము యెముక, పాలు మాంసకృత్తు. రెంటికిని మొక్కజొన్న చాలదు. దానిలో మాంసకృత్తులు నూటికి 8, 9 పాళ్లకు మించవు. తక్కినది చాలవఱకు పిండిపదార్థము. అందుచే వసంతము మొదలు ఆగస్టు వఱకు గొట్టపు పీపాలలో గుళికలు పెట్టుదురు. దీనికగు వ్యయము వేటకాలపు గింజ వ్యయమునకు అనేక రెట్లు. అయినను వర్షము కురిసిన యేట పొదల చిగుళ్లు, ఆకుకూరలవంటి పచ్చిమొక్కలు దుప్పికిచ్చు బలమును ఏ గుళికయు ఈయజాలదు. భూమి మోయగలిగిన దానికంటె మృగములు హెచ్చైనచో పీపాలెన్ని పెట్టినను అవి పొదలను మోడులు చేయకమానవు.

మేత వలన వచ్చు కీడు

కల్లములో జొన్నరాశిపై పడిన ఎద్దు కడుపుబ్బి చచ్చుట మన రైతులు చూచినదే. దుప్పియు నెమరువేయు జంతువే. దాని పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు ఆకులకును, చిగుళ్లకును అలవాటుపడి యుండును. హఠాత్తుగ పిండిగింజ కడుపునిండ పడినచో ఆ పొట్ట పులిసి, ఆమ్లము పుట్టి, మృగము నిండుకడుపుతో చచ్చును. గింజకు పొట్ట అలవాటు పడుటకు రెండు మూడు వారములు పట్టును. కరవున చిక్కిన దుప్పులపై జాలిపడి ఒక్కసారిగ బండెడు గింజ కుమ్మరించువాడు వానిని ఆకలికంటె త్వరగ చంపును.

రెండవది బూజు. తడిసిన మొక్కజొన్నపై ఆస్పర్జిల్లసు అను బూజు పెరిగి అఫ్లాటాక్సిను అను విషమును పుట్టించును. దీని చరిత్ర వేరుసెనగ పండించు మనవారు ఎఱుగదగినది. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోడి పిల్లలు కారణము తెలియక చచ్చెను. విచారింపగా వాని మేతలో కలిపిన వేరుసెనగ పిండిలో ఈ విషము బయటపడెను. పక్షులకు ఇది మృగములకంటె హెచ్చు ప్రమాదకరము. పీపా క్రింద గింజలేఱుకొను పూరేడు, టర్కీకోడి ముందుగ చచ్చును. మృగముల మేతలో ఈ విషము నూఱుకోట్ల పాళ్లకు 20 పాళ్లు మించరాదని అచ్చటి వన్యమృగ నిపుణులు చెప్పుదురు. మనుష్యులకు పనికిరాని గింజ మృగములకేమి తక్కువ యని అగ్గువకు కొని పోయుట మిక్కిలి తప్పు.

మూడవది అన్నిటికంటె పెద్దది. టెక్సాసునకు బహుదూరమున, ఆ దేశపు ఉత్తరపు అంచున, మిషిగన్ అను మఱియొక రాష్ట్రము కలదు. అచ్చటి ఈశాన్య జిల్లాలలో వేటసంఘములవారు దుప్పుల సంఖ్య తఱుగకుండుటకై చలికాలమున చక్కెరదుంపలు, క్యారెట్లు, ఉర్లగడ్డలు, మొక్కజొన్న లారీలతో తెచ్చి రాశులు పోయుచుండిరి. దుప్పులు సహజముగ విడివిడిగ మేయును. రాశి వద్ద మాత్రము మూతికి మూతి తగులునట్లు గుమిగూడును. 1994లో వేటగాడొకడు కొట్టిన దుప్పిలో పశువుల క్షయ కనబడెను. పరీక్షించిన కొలది ఆ ప్రాంతపు దుప్పులలో రోగము నాటుకొని యున్నట్లు తేలెను. ఒక దుప్పి చొంగ పడిన దుంపను మఱియొకటి కొఱుకును. చలిలో ఆ రోగబీజము మేతపై వారములకొలది బ్రదుకును.

రోగము అడవిలోనే యుండిన రైతునకు నష్టము లేకపోవును. దుప్పులు గడ్డివాములకును, పశువుల తొట్లకును వచ్చెను. 1998 మొదలుకొని గొడ్ల మందలలో క్షయ బయటపడసాగెను. రోగము పట్టిన మందలు వధింపబడెను, లేదా పాలు, అమ్మకము, తరలింపు నిలిచి నెలలకొలది నిర్బంధమున నుండెను. 2000లో ఆ రాష్ట్రము క్షయలేని రాష్ట్రమను హోదాను పోగొట్టుకొనెను. వేట తెలియని పాడిరైతు కూడ ఆ ఫలము ననుభవించెను. ప్రభుత్వము మేతరాశులను మొదట రోగమున్న జిల్లాలలో నిషేధించి, 2019లో దక్షిణ ద్వీపకల్పమంతటను వేటకై ఎరమేత వేయుటను నిషేధించెను. ఇంత చేసినను అడవి దుప్పులనుండి ఆ రోగమును వేళ్లతో పెకలించుట సాధ్యము కాలేదు.

ఇదిగాక దుప్పులను క్రమముగ క్షీణింపజేయు మెదడు రోగము వేఱొకటి కలదు. దీనిని 1967లో కొలరాడో రాష్ట్రమున బందెలోనున్న దుప్పులలో మొదట గుర్తించిరి. టెక్సాసున 2012లో బయటపడెను. దీనికి కారణము సూక్ష్మజీవి కాదు, వికృతి చెందిన ఒక మాంసకృత్తు. రోగము సోకిన దుప్పి ఏడాదికి పైగా ఆరోగ్యముగనే కనబడుచు, చొంగ, మూత్రము, పేడ ద్వారా దానిని వెదజల్లును. నేలలో అది సంవత్సరములకొలది నిలుచును. మందు లేదు, టీకా లేదు. మనుష్యులకు సోకినట్లు ఇంతవఱకు ఋజువు కాలేదు గాని, రోగమున్న మృగము మాంసమును తినరాదని అచ్చటి ఆరోగ్యశాఖవారు హెచ్చరించుచున్నారు. ఏండ్ల తరబడి ఒకేచోట నిలిచిన పీపా క్రింది నేల ఎట్టిదో దీనిని బట్టి యూహించుకొనవచ్చును. పీపాను వేటకాలమున ఒకటి రెండుసార్లయినను జరుపవలెననియు, రోగము బయటపడిన ప్రాంతమున పూర్తిగ తీసివేయవలెననియు మా యభిప్రాయము. కౌలుదారు వెడలిపోవునేమో యను భయముచే పట్టాదారులు దీనికి సమ్మతింపకుండుట కలదు.

మన పొలముల సంగతి

మన దేశమున సంగతి వేఱు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము చొప్పున దుప్పిని గాని, జింకను గాని వేటాడుట నేరము. ఆ చట్టములో వేట యను మాటకిచ్చిన నిర్వచనము చదువదగినది. తుపాకితో కొట్టుట, ఉచ్చు వేయుట, వల పన్నుట మాత్రమే కాక, ఎర చూపి రప్పించుటయు, అట్టి ప్రయత్నమును గూడ వేటయే. కాబట్టి ముందొక నాడు పట్టుకొందమను తలంపుతో గట్టుపై గింజ చల్లువాడు తుపాకి పట్టకున్నను చట్టమునకు లోబడును.

పట్టు తలంపు లేక, పైరు దక్కించుకొనుటకే గింజ వేయు రైతు మాట వేఱు. నారాయణపేట జిల్లాలో కృష్ణాతీరపు గ్రామములలో కృష్ణజింకలు మందలుగ దిగి కంది, పత్తి మొలకలను కొఱుకుచున్నవి. కర్నూలు ప్రాంతమున రోళ్లపాడు వద్ద బట్టమేక పిట్టకై కాపాడిన బీళ్లలో జింకలు పెరిగి చుట్టుపట్ల రైతులకు నష్టము కలిగించినవి. వారి బాధ నిజమైనది. అయినను గింజ ఉపాయము కాదు. పది జింకలు వచ్చుచోట గింజ రుచి మఱిగిన ముప్పది వచ్చును. వేళ కనిపెట్టి వచ్చును. గింజ యైపోయిన పిదప ప్రక్కనున్న మొలకలను విడువవు. వానితో పందులును వచ్చును. మఱియు ఆ గింజపై మూతి పెట్టిన జింక వెడలిన తరువాత, మేతకు తోలిన మన మేకయు, ఆవును అచ్చటనే మూతి పెట్టును. పశువుల క్షయ మన దేశమునకు క్రొత్తది కాదు. దానిని అడవికి పంపుటయు, అడవినుండి తెచ్చుకొనుటయు రెండును నష్టమే.

అట్లే బూజుపట్టిన మొక్కజొన్నను, వేరుసెనగ తాలును గట్టున పాఱవేయరాదు. లోతుగ గోయి త్రవ్వి పూడ్చవలెను. పాడిపశువులకు పెట్టినచో ఆ విషము పాలలోనికి దిగును.

పైరు నష్టమైన రైతు ఆ దినముననే, జాడలు చెఱగకముందు, అటవీ రేంజి అధికారికి అర్జీ వ్రాసికొనవలెను. అర్జీలో గ్రామము, సర్వే నంబరు, పట్టాదారు పేరు, పైరు పేరు, విత్తిన తేది, మేసిన విస్తీర్ణము ఎకరములు గుంటలతో వ్రాయవలెను. కౌలురైతైనచో ఆ సంగతియు తెలుపవలెను. డెక్కల జాడలు, కొఱికిన మొలకలు కనబడునట్లు ఛాయాపటము తీసి జతచేయుట మేలు. జింకలు ఒంటెడు మేసినవని, మంద పడినదని ఉజ్జాయింపు మాటలు వ్రాసిన అర్జీలు తనిఖీలో నిలువవు. అర్జీ నకలొకటి తేదితోడి స్వీకారముద్ర వేయించుకొని తనవద్ద నుంచుకొనవలెను. తనిఖీకి వచ్చువఱకు ఆ మడిని దున్నరాదు.